పెట్టెలు పడ్డాయా, పిచ్చి ఇంగ్లీషా?

మొన్న సోమవారం మా షాపుకి కొత్త కంప్యూటరు వచ్చింది. పాతదాంట్లోంచి ఫాంట్ల ఫోల్డరు తెచ్చి ఇందులో పెట్టి, ఫాంట్లని అదుపులో ఉంచే సాఫ్టువేరు తెరిచాను. తెరవగానే అది ఒక చిన్న గడిలో అడిగింది, వీటన్నిటినీ ఇప్పుడే యాక్టివేట్ చెయ్యమంటారా, అంటే తెరిచి పెట్టమంటారా అని.

నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పదకొండేళ్ళ క్రితం ఇదే ప్రశ్నకి నేను చదవకుండా 'అవును' నొక్కాను. ఆ నొక్కుడు వల్లే రాజోలు టీచరుగారు నాకు పరిచయమయ్యారు. ఈసారి 'వద్దు' నొక్కాను. ఆవిడ పోయి మూడు నెలలు దాటింది.

మా షాపు అమలాపురంలో ఆసుపత్రుల వీధిలో ఒక గది. పెళ్ళి శుభలేఖలు, ఓణీల ఫంక్షను బ్యానర్లు, చర్చిల కరపత్రాలు, బడి మాగజీన్లు, ఏదొస్తే అది చేస్తాను. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. షాపు పెట్టిన కొత్తలో నాకు టైపు వచ్చు, అంతకు మించి ఏమీ రాదు. కంప్యూటరు అమ్మినతను ఒక డీవీడీ కూడా ఇచ్చి, "నాలుగు వేల ఫాంట్లున్నాయండి, ఇంక మీకు తిరుగులేదు" అన్నాడు. నాలుగు వేల రకాల అక్షరాలు నా సొంతమనుకుని మురిసిపోయి అన్నీ ఎక్కించాను. అన్నిటికీ అవునన్నాను. మర్నాటి నుంచి ఆ కంప్యూటరు ఆన్ చేసి, సంతకెళ్ళి కూరలు తెచ్చుకుని వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. తెరుచుకున్నాక, పక్కూరి వాళ్ళ శుభలేఖలో వరుడి పేరున్న చోట వరసగా ఖాళీ పెట్టెలు కనిపించాయి.

అమ్మినతనికి ఫోను చేస్తే అతను చేతులెత్తేశాడు. "రాజోల్లో ఒక టీచరుగారున్నారండి. మేమందరం ఆవిణ్ణే అడుగుతాం" అని నంబరు ఇచ్చాడు.

"ఆయ్, చెప్పండి," అంది అవతలి గొంతు. నీరసమైన గొంతు. అప్పటికే ఆ రోజు చాలామందితో మాట్లాడినట్టుంది.

"అమలాపురం నుంచండి. ఫాంట్లు రావట్లేదండి."

"పెట్టెలు పడ్డాయా, పిచ్చి ఇంగ్లీషు పడిందా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. "ఖాళీ పెట్టెలు కనపడితే, మీరెంచుకున్న ఫాంట్లో అసలు తెలుగే లేదని. తెలుగున్న చోట ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్ గుర్తులూ కలగాపులగంగా పడితే, అది పాత ఫాంట్లో కొట్టిన మేటరు, ఆ ఫాంటు మీ దగ్గర లేదు, లేదా ఉండీ మూసుకుని ఉందని. రెండిటికీ మందు వేరండి. ఏది పడింది?"

"పెట్టెలండి."

"ఎన్ని ఫాంట్లు తెరిచి పెట్టేరు?"

"అన్నీనండి. నాలుగు వేలు."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "బీరువాలో చీరలన్నీ ఒకేసారి కట్టుకుంటామాండి? ఈ రోజుకి కావాల్సింది తీసుకుంటాం. మిగతావి బీరువాలో ఉంటాయి. మూసినంత మాత్రాన పోవు. అన్నీ మూసెయ్యండి. ఓ ఇరవై తెరవండి. విండోస్‌తో పాటు వచ్చినవి మాత్రం ముట్టుకోకండి, అవి దాని సొంత బట్టలు. చేసేక మళ్ళీ ఫోను చెయ్యండి, చెయ్యకపోతే బాగైందనుకుంటాను."

బాగైంది. కానీ మళ్ళీ ఫోను చేశాను. వారానికి మూడుసార్లు చొప్పున ఏడాదిపాటు చేస్తూనే ఉన్నాను.

ఆవిడ రాజోల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారట. మిషన్లు మూలపడ్డాక అదే గదిలో కంప్యూటర్లు పెట్టి డీటీపీ నేర్పారు. కోనసీమలో ఏ జిరాక్సు షాపులో చూసినా, ఏ ఫ్లెక్సు షాపులో చూసినా ఆవిడ దగ్గర వేళ్ళు తిప్పడం నేర్చుకున్నవాళ్ళో, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళో ఉంటారు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలుగారూ ఆవిడా కలిసి ఉండేవారు. వాళ్ళ నాన్నగారు మిషనరీ బళ్ళో హెడ్‌మాస్టరుగా చేశారని ఒకసారి అన్నారు. ఆవిడ తన గురించి చెప్పుకున్నది అంతే. మిగతాదంతా ఫాంట్లే.

అందరూ అవే ప్రశ్నలు అడిగేవారు. నా కంప్యూటర్లో బాగా కనపడింది, ప్రెస్సులో ఎందుకు మారిపోయిందండీ? ఫాంటు కూడా పంపేరా? పంపలేదండి. ఫాంటు ఎక్కించేను కానీ లిస్టులో కనపడట్లేదండీ. ఆ ప్రోగ్రాం ఒకసారి మూసి తెరిచేరా? తెరవలేదండి. నిన్నటిదాకా పనిచేసిందండీ, ఇవాళ అన్ని ఫాంట్ల పక్కనా ప్రశ్న గుర్తులొస్తున్నాయి. ఫాంట్ల ఫోల్డరు ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చేరా? అవునండీ, డెస్క్‌టాపు మీద చిందరవందరగా ఉందని మార్చేను. మరి అది పాత చోటే వెతుక్కుంటుంది కదా, ఇల్లు మారి ఎడ్రసు చెప్పకపోతే ఉత్తరం ఎలా వస్తుందండి?

ఎవరి స్క్రీనూ తన కంప్యూటర్లోకి తెచ్చుకుని చూసేవారు కాదు. "మీరు చదవండి, నేను వింటాను" అనేవారు. ఎడం పక్క పైన ఏముంది, దాని కింద ఏముంది, గడిలో ఏమని రాసింది, ఒక్కొక్కటీ పైకి చదివించేవారు. సగం మందికి చదువుతుండగానే తప్పు తెలిసిపోయేది. "ఆగండాగండి టీచరుగారూ, తెలిసిపోయింది" అని ఫోను పెట్టేసేవారు. తర్వాతి రోజుల్లో పక్కనుండి చూసేదాన్ని, ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని, "తెలిసిపోయిందిట" అనేవారు, ఎవరితోనూ కాకుండా. వింటున్నంతసేపూ కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఆడుతూ ఉండేవి. అవతలి మనిషి చెప్పినదంతా ఆవిడ మోకాలి మీద టైపు కొట్టేవారని నాకు చాలా రోజులకి తెలిసింది.

ఆవిణ్ణి మొదటిసారి కళ్ళారా చూసింది నా చేతుల్లో జరిగిన ఒక పెద్ద తప్పు వల్ల.

అల్లవరం దగ్గర ఒక చిన్న చర్చి వాళ్ళు వార్షికోత్సవానికి పాటల పుస్తకం వేయించమన్నారు. పదహారు పేజీలు, నూట యాభై కాపీలు. పాస్టరుగారు స్కూటరు మీద మూడుసార్లు వచ్చి ప్రూఫు దిద్దారు. ఒక్క తప్పు లేకుండా తయారైంది. సరిగ్గా ప్రెస్సుకి పంపే రోజు పొద్దున్న ఆ సాఫ్టువేరు నాకో కబురు చెప్పింది, ఒకే పేరుతో ఫాంట్లు రెండేసి ఉన్నాయి, ఒకటి తీసెయ్యమంటారా, కొత్తది ఉంచమంటారా అని. కొత్తదే కదా మంచిదని కొత్తది ఉంచమన్నాను. తర్వాత ఫైలు తెరిచి, మళ్ళీ చూడకుండా పీడీఎఫ్ చేసి రాజమండ్రి ప్రెస్సుకి పంపేశాను.

గురువారం మధ్యాహ్నం కట్టలు దిగాయి. పాస్టరుగారు ఒక పుస్తకం తెరిచి మొదటి పాట చదవబోయి ఆగిపోయారు. ఇంకో పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. తర్వాత పుస్తకం నా వైపు తిప్పి బల్ల మీద పెట్టారు.

కీస్తు. పభువా. నీ పేమ. స్తోతం. పార్థన.

బళ్ళో క్రావడి అని నేర్చుకుంటామే, అక్షరాన్ని కింద నుంచి చుట్టుకుని వచ్చే ర వత్తు, అది పుస్తకంలో ఎక్కడా లేదు. కొత్తదని నేనుంచుకున్న ఫాంట్లో ఆ గుర్తుండాల్సిన గది ఖాళీ. పేరొకటే కానీ మనిషి వేరు. పదహారు పేజీల్లోనూ దేవుడి పేరు తప్పు.

"ఆదివారమే కదమ్మా," అన్నారు పాస్టరుగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఊళ్ళోవాళ్ళందరం కూలి డబ్బుల్లోంచి వేసుకున్నాం. వార్షికోత్సవానికి పెద్దలొస్తున్నారు."

ప్రెస్సుకి ఫోను చేస్తే పెళ్ళిళ్ళ ముహూర్తాలు, వచ్చే బుధవారం దాకా మిషను ఖాళీ లేదన్నారు. ఇంక ఎవరికి చెప్పుకోను? రాజోలు ఫోను చేసి, చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

ఆవిడ ఓదార్చలేదు. "పుస్తకం చేతిలో ఉందా? ప్రభువా అన్న మాట దగ్గర చూడండి. ప కి ముందు కొంచెం జాగా వదిలేసుందా, దగ్గరకి జరిగిపోయిందా?"

చూశాను. "జాగా ఉందండి. సన్నగా."

"ఉంటుంది. ఆ పాత ఫాంట్లలో క్రావడిని విడిగా, అక్షరానికి ముందు కొడతాం. గుర్తు మింగేసినా జాగా వదిలేసింది. సరే. నల్ల జెల్ పెన్నులు, సన్న మొన ఉన్నవి, ఓ రెండు డజన్లు కొని పెట్టండి. రేపు పొద్దున్న బస్సుకి వస్తాను."

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ చర్చిలో చాపలు పరిచారు. రాజోలు బస్సు దిగి, అల్లవరం ఆటో ఎక్కి వచ్చిన మనిషిని చూస్తే నాకు నమ్మకం కలగలేదు. బక్కపలచగా, నల్లతాడు కట్టిన కళ్ళజోడు మెళ్ళో వేసుకుని, కాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులతో ఉన్నారు. పాస్టరమ్మగారు కాఫీ ఇవ్వబోతే, "ముందు పని చూద్దామండి" అని చాప మీద కూర్చున్నారు.

ఒక పుస్తకం తీసుకుని, పెన్నుతో మొదటి పేజీలో క్రావడులన్నీ తనే పెట్టారు. అచ్చులోంచి వచ్చినట్టే ఉన్నాయి. ఆ పుస్తకాన్ని మధ్యలో పెట్టారు. "ఇది చూసి పెట్టండి. కింద మొదలుపెట్టి, ఎడం పక్కకి తిప్పి, పైకి తెచ్చి ఆపెయ్యండి. తొందర పడకండి. ఒక్కొక్కరు ఒక్క పేజీయే. ఒకరు మొదటి పేజీ, ఒకరు రెండో పేజీ. నూట యాభై పుస్తకాల్లోనూ అదే పేజీ పెడుతుంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది."

ఊళ్ళో ఆడవాళ్ళు పధ్నాలుగు మంది వచ్చారు. ఆవిడా, నేనూ కలిసి పదహారు. వాళ్ళలో ఒక ముసలామె ఉంది. చదువు రాదు. వెనక్కి జరిగి కూర్చుంటే టీచరుగారు పిలిచారు.

"మీరు కూడా పెట్టండమ్మా."

"నాకు అచ్చరం ముక్క రాదమ్మా. ఎక్కడ పెట్టాలో ఎలా తెలుత్తాది?"

"మీకు చిన్న పేజీ ఇస్తాను. అందులో తొమ్మిదే ఉన్నాయి. నేను పక్కన చుక్క పెట్టి ఇస్తాను. చుక్క ఉన్న చోట కొడవలిలా ఒక గీత గీయండి."

"కొడవలి అయితే గీత్తాను," అందామె. గీసింది కూడా. చాలాసేపు గీసి, చెయ్యి విదిలించుకుని, "ఇది పెట్టకపోతే ఏమవుద్దమ్మా?" అని అడిగింది.

"పెట్టకపోతే ఆయన పేరు తప్పు పలుకుతారండి."

"అయితే నా చేత్తో సరిచేత్తన్నానన్నమాట," అని మళ్ళీ పెన్ను అందుకుంది.

రెండు రోజులు పట్టింది. రెండో రోజుకి ఎవరి నడుములూ లేవలేదు. మధ్యమధ్యలో టీచరుగారి ఫోను మోగుతూనే ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేత్తో గీతలు పెడుతూనే, "పెట్టెలు పడ్డాయా, పిచ్చి ఇంగ్లీషా?" అని అడిగేవారు. శనివారం సాయంత్రం ఆఖరి పుస్తకం మూసి పాస్టరుగారికిచ్చారు. ఆయన ప్రార్థన చేస్తానంటే కూర్చున్నారు. "మీది ఏ సంఘమమ్మా?" అని ఆయన అడిగితే, "మాది వేరేదండి" అన్నారు, అంతే.

తిరిగి వస్తూ ఆటోలో నేను అడిగాను, "మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదేంటండి?"

"ఏమనమంటారు?"

"ఆ గడిలో రాసింది సరిగ్గా చదవకుండా నొక్కేను కదండి."

ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. "ఎవరు చదువుతారండి? ఎవరూ చదవరు. చదివితే నాకిన్ని ఫోన్లెందుకొస్తాయి?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఒకే పేరున్నవి రెండుంటే కొత్తదా పాతదా అని చూడకండి. మీరు పని మొదలెట్టింది దేంతోనో అది ఉంచుకోండి. ప్రతి పనికీ ఒక ఫోల్డరు పెట్టి, దాని ఫాంటు దాంట్లో దాచండి. ఇంకెప్పుడూ నాకోసం జెల్ పెన్నులు కొనకండి" అన్నారు. ఆ ఒక్కసారే ఆవిడ నవ్వగా చూశాను.

అది జరిగిన ఐదేళ్ళకి ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు అమలాపురంలో డయాలిసిస్. మా షాపుకి నాలుగు అంగల్లో ఉంది ఆ ఆసుపత్రి. పొద్దున్న ఎనిమిదింటికల్లా వచ్చి, నాలుగు గంటలు మిషను మీద పడుకుని, పన్నెండు దాటాక మెల్లగా నడుచుకుంటూ మా షాపుకి వచ్చేవారు. గోడ వారన బెంచీ మీద ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆ చేతికి కట్టు ఉండేది. రెండున్నర బస్సు దాకా అక్కడే. నీళ్ళూ ఉప్పూ బాగా తగ్గించమన్నారట డాక్టర్లు. సంచిలో చిన్న నీళ్ళ సీసా ఉండేది. దాని మీద పెన్నుతో అడ్డగీతలు గీసి ఉండేవి. ఒక గీత దాకా తాగి, మూత బిగించి, మళ్ళీ గంట దాకా ముట్టుకునేవారు కాదు. ఎండాకాలంలో కూడా అంతే.

నేను టిఫిను డబ్బా తెరిస్తే అటు తిరిగి కూర్చునేవారు. అడిగితే, "ఉప్పు వాసన వస్తుందండి" అనేవారు.

ఫోను మాత్రం ఆగలేదు. మిషను మీద పడుకున్నప్పుడు కూడా ఎత్తేవారని నర్సు చెప్పింది. ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "ఎందుకండీ ఇంకా? వాళ్ళెవరూ మీకు రూపాయివ్వరు. కనీసం ఎలా ఉన్నారని కూడా అడగరు."

"నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవాలండి," అన్నారు. "పైకప్పు చూస్తుంటే టైం కదలదు. ఎవరో ఒకరు ఫాంటు రావట్లేదంటుంటే కదులుతుంది. పైగా వాళ్ళు ఎలా ఉన్నారని అడగకపోవడమే నాకు బాగుంటుంది. ఊళ్ళో అందరూ అదే అడుగుతారు."

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

శ్రావణమాసం. పెళ్ళిళ్ళ వాళ్ళు, గృహప్రవేశాల వాళ్ళు, కౌంటరు ముందు ఐదారుగురు నిలబడి ఉన్నారు. ఒక పెళ్ళికూతురి మేనమామ వచ్చి, శుభలేఖలో తన పేరు చిన్నదిగా పడిందని అరుస్తున్నాడు. నాకు రెండు రోజులుగా పన్నుపోటు. బెంచీ మీద టీచరుగారు ఎవరో సరిగ్గా వినపడని మనిషికి ఫోన్లో చెబుతున్నారు. గొంతు పెంచి, అదే మాట నాలుగోసారి. "మూసెయ్యండి అన్నానండి. తీసెయ్యమనలేదు. మూసెయ్యడం వేరు, తీసెయ్యడం వేరు. మూస్తే ఉంటుంది, తీసేస్తే పోతుంది. ఆయ్. కాదండి. మూసెయ్యండి."

ఐదోసారి మొదలుపెట్టగానే నేను తల తిప్పి అనేశాను. "టీచరుగారూ, ఇది నా షాపండి. కాల్ సెంటరు కాదు."

కౌంటరు ముందున్న వాళ్ళందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఫోన్లో, "తర్వాత చేస్తానండి" అని పెట్టేశారు.

"ఆయ్. నిజమేనండి," అన్నారు నాతో. సంచి భుజాన వేసుకుని, నీళ్ళ సీసా అందులో పెట్టుకుని, కట్టున్న చెయ్యి ఎవరికీ తగలకుండా పక్కకి ఒదిగి, జనం మధ్యలోంచి బయటికి వెళ్ళారు. మేనమామ మళ్ళీ అందుకున్నాడు. నేను అతని పేరు పెద్దది చేశాను.

గురువారం ఆవిడ రాలేదు. శనివారమూ రాలేదు. ఫోను చేసి ఏమని అడగాలో తెలియక చెయ్యలేదు. మరో రెండు వారాలు పని వంకతో గడిపేశాను. డయాలిసిస్‌కి వస్తున్నారా అని నర్సుని అడిగితే, "రాకపోతే ఎలాగండీ? వస్తున్నారు" అంది.

మూడో మంగళవారం షాపు మూసి బస్టాండుకి వెళ్ళాను. రాజోలు బస్సులు ఆగే చోట, సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఎండ బెంచీ సగం దాకా వచ్చింది. మిగిలిన సగంలో ఒదిగి కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. నన్ను చూసి, ఒక్క నిమిషమన్నట్టు వేలు చూపించారు. ఎండలోనే పక్కన కూర్చున్నాను. అవతలి మనిషికి ఫాంట్ల పక్క ప్రశ్న గుర్తులొస్తున్నట్టున్నాయి. ఓపిగ్గా చదివించి, విని, ముగించారు.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సిందండి," అన్నాను.

"మీరన్నదాంట్లో తప్పేముందండి? షాపు మీదే కదా."

"మళ్ళీ రండి. ఈ ఎండలో ఏం కూర్చుంటారు?"

"వద్దండి." ఆ మాటలో కోపం లేదు. లెక్క తేలిపోయిన మనిషి మాటలా ఉంది. "అక్కడుంటే ఫోను మోగినప్పుడల్లా మీ మొహం చూడాలి. ఇక్కడైతే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. బస్సుల మోతలో నా మోత ఎవరికి అడ్డమండి?"

నేనెంత బతిమాలినా రాలేదు. ఏం చెయ్యను? నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. మంగళ, గురు, శనివారాలు ఒంటిగంటన్నరకి షాపు తలుపు దగ్గరకి వేసి, గొడుగు పట్టుకుని బస్టాండుకి వెళ్ళేదాన్ని. గొడుగు ఆవిడ వైపు పట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడ వద్దనలేదు, అడగనూ లేదు. మేము మాట్లాడుకున్నది తక్కువ. కొన్నాళ్ళకి ఆవిడ ఫోను పట్టుకోలేకపోయేవారు, చెయ్యి వణికేది. నేను చెవి దగ్గర పెట్టేదాన్ని.

ఒకసారి బాగా నీరసంగా ఉండి, "మీరే చెప్పండి" అన్నారు. ఫోను నేనందుకున్నాను. అవతల సఖినేటిపల్లి నుంచి ఒకమ్మాయి, ఫాంట్లు రావట్లేదంది. నేను గడగడా చెప్పడం మొదలుపెట్టాను, ప్రోగ్రాం మూసి తెరువు, ఫాంటు ఓపెనైందో లేదో చూడు, ఫోల్డరు కదిపేవా, అని. టీచరుగారు కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపారు.

"చెప్పేయకండి," అన్నారు మెల్లగా. "అడగండి. అడిగి ఆగండి."

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక గురువారం నేను వెళ్ళేసరికి బెంచీ ఖాళీగా ఉంది. మిషను దగ్గర ఆలస్యమైందేమో అనుకుని కూర్చున్నాను. రెండున్నర బస్సు వచ్చింది, వెళ్ళింది. మూడున్నర బస్సు కూడా వెళ్ళాక ఆసుపత్రికి నడిచాను. పొద్దున్న రాలేదన్నారు. షాపు తలుపు తీస్తుండగా చెల్లెలుగారి ఫోను వచ్చింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట.

రాజోలు వెళ్ళాను. సమాధుల తోటకి ఊరివాళ్ళు, చర్చివాళ్ళు, ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్న కొందరు వచ్చారు. ఫోన్లు చేసేవాళ్ళలో ఎక్కువమంది రాలేదు. వాళ్ళకి తెలియదు.

పది రోజుల తర్వాత చెల్లెలుగారిని చూడ్డానికి మళ్ళీ వెళ్ళాను. ఆవిడ అంగన్‌వాడీలో చేసి రిటైరయ్యారు. కంప్యూటరంటే తెలియదు. ఇంట్లోకి వెళ్ళగానే అక్కగారి ఫోను ఛార్జింగు పెట్టి కనిపించింది. నేను కూర్చున్న అరగంటలో నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ ఆవిడే ఎత్తి, "అక్క పోయిందండి. ఆయ్. పదకొండు రోజులైంది" అని చెప్పి పెట్టేశారు.

"ఆ ఫోను మీరు తీసుకోండమ్మా," అన్నారు నాతో. "మీకైతే ఆ సంగతులు తెలుసు. పాపం వాళ్ళు ఎవరినడుగుతారు?"

నేను ఆ ఫోను వైపు చూశాను. ఇన్నేళ్ళ ఆ మోత, ఆ ప్రశ్నలు, రోజూ, పన్నుపోటున్నా, జ్వరమున్నా, మనిషి మిషను మీదున్నా. "నా వల్ల కాదండి," అన్నాను. "ఆవిడకున్న ఓపిక నాకు లేదు. కట్టేసెయ్యండి."

చెల్లెలుగారు నొచ్చుకోలేదు. "కట్టెయ్యనులెండి," అన్నారు. "ఒక్కొక్కరికీ చెప్పాలి కదా. చెప్పకపోతే, ఎత్తట్లేదని ఆవిడ మీద నిష్ఠూరపడతారు."

ఆవిడే మళ్ళీ అన్నారు. "నిన్న కొత్తపేట నుంచి ఒకాయన చేసేడండి. ఫ్లెక్సులు వేస్తాడంట. ఏదో ఫాంటు సంగతి అడగబోతే, అక్క పోయిందని చెప్పేను. అప్పుడడిగేడండి, పదేళ్ళ నుంచి ఫోను చేస్తున్నానమ్మా, టీచరుగారూ టీచరుగారూ అనడమే కానీ పేరెప్పుడూ అడగలేదు, ఆవిడ పేరేంటండీ అని."

"చెప్పేరా?"

"చెప్పేను. ఉండండి, రాసుకుంటానన్నాడు. పెన్ను కోసం వెతుక్కుని వచ్చేడు. ఇంటిపేరుతో సహా మెల్లగా చెప్పేను. రాసుకుని, తప్పు లేకుండా ఉందేమో వినండి అని నాకు మళ్ళీ చదివి వినిపించేడు."